నడవొచ్చు

స్కూటర్ వెనక కూర్చున్నవాళ్ళు ముందువాడి భుజాన్ని కాలింగ్ బెల్లులా వాడుకోవడం నాకు మొదటినుంచీ గిట్టదు. మా కాలేజీలో బాటనీ చెప్పిన మాస్టారు ఆ పని బాగా చేసేవారు. ధవళేశ్వరం నుంచి అంతర్వేది సముద్రం దాకా, కాలవగట్ల మీదుగా జనం రోజుల తరబడి నడిచి వెళ్ళే బాట ఒకటి తయారుచెయ్యాలని ఆయన కోరిక. భుజం తట్టగానే నేను బండి ఆపాలి. ఆయన దిగి, మెడ ఒక పక్కకి వాల్చి, గట్టుని పెళ్ళిచూపుల్లో చూసినట్టు చూసి, "నడవొచ్చు" అనేవారు. పరీక్ష పేపరైనా, హోటల్ ఇడ్లీ అయినా ఆయన మెప్పు ఆ ఒక్క మాటే. తర్వాత దగ్గర్లోని కొబ్బరిచెట్టుకి ఎర్రరంగుతో బాణం గుర్తు వేసేవారు.

ఆ రోజుల్లో మా వైపు చెట్టు మీద ఎర్రరంగు కనిపిస్తే గ్యాసు పైపులైనుకి భూమి పోతోందని లెక్క. రాజోలు దగ్గర రైతులు మమ్మల్ని చుట్టుముట్టాక గానీ మాకది తట్టలేదు. ఆయన కాలేజీ మాస్టారని నేను చెప్పినా లాభం లేకపోయింది. ముందు నిలబడ్డ పెద్దాయన చేతిలో కొబ్బరి గెలలు కోసే కత్తి, జేబులో నా బండి తాళం ఉన్నాయి.

"మాది ఎంత పోతుందండీ?"

"సెంటు కూడా పోదండీ," అన్నారు మాస్టారు. "ఇది నడవడానికి."

"ఎవరు నడుస్తారండీ?"

"ఎవరైనా. సరదాగా."

సరదా అన్న మాటకి కత్తి చెయ్యి మారింది. నాకు దాహం వేసింది గానీ, ఆ తోటలో కొబ్బరిబొండం అడగడం బాగుండదనిపించింది.

మాస్టారు మాత్రం మెడ వాల్చి గట్టు వైపు చూశారు. "సముద్రం దాకా ఇలాగే ఉంటుందండీ. హాయిగా నడవొచ్చు."

పెద్దాయన గట్టుని చూశారు, స్కూటర్ని చూశారు, దుమ్మంటని మాస్టారి చెప్పుల్ని చూశారు.

"అయితే నడిచి వెళ్ళి రండి మాస్టారూ. బండి ఇక్కడే ఉంటుంది."