సైకిల్ పాట, రెండో చరణం

పై ఇంటాయన పోయారని పోయిన నెల ఒక ఆదివారం ఫరీదాబాద్ నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "అంకుల్, పాపా నహీ రహే" అంది. నేను "అచ్ఛా" అన్నాను. నాకు మాట్లాడడం తక్కువ, రాయడం ఇంకా తక్కువ. మన తెలుగు సంఘం సంచికకి రాయమన్నారు కనుక నాకు తెలిసిన నాలుగు ముక్కలు రాస్తున్నాను.

సరోజినీ నగర్‌లో మా అబ్బాయి క్వార్టరు కింద, ఆయనది పైన. ఆయన సెంట్రల్ గవర్నమెంటులో సెక్షనాఫీసరు. నేను డ్రైవరుగా చేసి రిటైరైనవాణ్ణి. అయినా నన్ను "అన్నగారూ" అనే పిలిచేవారు. రేపు పాలు వద్దని పాలవాడికి చీటీ రాసినా కింద పేరు, హోదా, క్వార్టరు నంబరు వేసేవారు. వాళ్ళావిడ నవ్వితే, "సంతకం లేని మాటని ఎవడు నమ్ముతాడు?" అనేవారు.

కంప్యూటరు కొన్నాక ఆయన పాత పాటల ఫోరంలో చేరారు. ఎక్కడెక్కడి తెలుగువాళ్ళో చేరి పాత సినిమా పాటల గురించి రాసుకునే చోటది. ఆదివారం భోజనాలయ్యాక నన్ను పైకి పిలిచి, తలుపు పక్కన స్టూలు వేసి, అందులోవి చదివి వినిపించేవారు. అక్కడ తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవారు. నాకు ఆ అక్షరాలు రావు. ఆయన చదివిందే నేను విన్నది.

నాకు మాత్రం అదంతా అనుమానంగానే ఉండేది. ఒకడి పేరు పిల్లగాలి, ఒకడి పేరు వెన్నెల. ముఖాల్లేని మనుషులు. రాజకీయాలు మాట్లాడకూడదని పైన పెద్ద అక్షరాలతో రాసి ఉందట. కానీ పొలం పాట అనగానే ఒకరు కరెంటు కోతలెత్తేవారు. వంటింటి పాట అంటే ఇంకొకరు ఉల్లిపాయల రేటెత్తేవారు. అక్కణ్ణుంచి ఏ సర్కారు మంచిదనే దాకా పోయేది. పిల్లగాలి అయితే జోలపాటలోనూ ఓట్లు వెతికేవాడు.

"ఎవరు సార్ ఇతను?" అని అడిగాను ఒకసారి.

"ఎవరైతేనేం అన్నగారూ, పాటలు బాగా తెలిసినవాడు" అన్నారు.

ఎన్నికల ముందు ఒక ఆదివారం ఆయన అందులో ఒక ప్రశ్న వేశారు. హీరో సైకిల్ తొక్కుతూ పాడే పాట, చిన్నప్పుడు విన్నది. మొదటి చరణం వచ్చు, రెండోది గుర్తులేదు. ఎవరైనా చెబుతారా అని. అంతే. ఆ రోజుల్లో మన రాష్ట్రంలో సైకిలంటే ఒక పార్టీ గుర్తు, చెయ్యంటే ఇంకో పార్టీ గుర్తు. ఆయనకది తట్టనే లేదు.

మేం టీ తాగేలోపు జవాబులు వచ్చి పడ్డాయి. "చెయ్యీ చెయ్యీ పట్టుకుని పాడే పాట అడగలేదేం సార్?" అని ఒకరు. పిల్లగాలిది చదువుతుండగా ఆయన గొంతు తగ్గిపోయింది. "సెక్షనాఫీసరు గారూ, సరోజినీ నగర్ క్వార్టర్లో కూర్చుని సైకిల్‌కి గాలి కొడుతున్నారా? మీ ఆఫీసుకి తెలుసా? తెలియజేయమంటారా?"

ఆయన రిటైర్మెంటు దగ్గర్లో ఉంది. పార్టీ ప్రచారం చేశాడని పైవాళ్ళకి ఒక్క కాగితం పోతే విచారణ, ఆ తర్వాత పెన్షన్ ఏమవుతుందో. కప్పు కింద పెట్టి, "వీడికి నా ఆఫీసెలా తెలిసింది? క్వార్టరెలా తెలిసింది?" అన్నారు.

ఆ రోజు నుంచి ఆయన చూపు మారింది. మార్కెట్లో వెనకాల తెలుగు వినపడితే గిరుక్కున తిరిగి చూసేవారు. పక్క బ్లాకాయన "ఏం సార్, పాటలు వింటున్నారా?" అని మామూలుగా అడిగితే, వాళ్ళింటికి వెళ్ళడం మానేశారు. నాకూ వాడేనేమో అనిపించింది. ఇంకో రోజు మెట్ల దగ్గర నన్నే ఆపారు.

"అన్నగారూ, మీరెక్కడైనా అన్నారా?"

"నేనా సార్? ఎవరితో మాట్లాడతాను నేను?" అన్నాను.

ఆయన తల దించుకుని పైకెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆదివారాలు నన్ను పిలవలేదు. స్టూలు లాగిన చప్పుడు కూడా పైనుంచి వినపడలేదు.

వాళ్ళమ్మాయికి గుర్గావ్‌లో ఉద్యోగం. సెలవుకి వచ్చి కంప్యూటరు తెరిచిందట. కిందున్న నాకు ఆ పిల్ల కేక వినపడింది. "పాపా! యే క్యా హై? హర్ జగహ్ అప్నా పూరా పతా లిఖా హై ఆప్‌నే!" ఆయన రాసిన ప్రతిదాని కిందా ఉందట: ఇట్లు, తమ విధేయుడు, పేరు, సెక్షనాఫీసరు, బ్లాకు, క్వార్టరు నంబరు, సరోజినీ నగర్. ఆయన చెయ్యి అలవాటుగా టైపు కొట్టేసింది. పైకి చదివేటప్పుడు నోరు అలవాటుగా వదిలేసింది. రహస్యం చేరవేసిన మనిషి కోసం మేం కాలనీ అంతా వెతికాం.

కాసేపటికి ఆయనే కిందికి వచ్చారు.

"స్టూలు అక్కడే ఉంది అన్నగారూ. రండి" అన్నారు.

వెళ్ళాను. పేరు మార్చి దొంగపేరు పెట్టుకోమని కూతురు పోరుతోంది. ఆయన ఒప్పుకోలేదు. రాయడమే మానేశారు. రిటైరయ్యేదాకా ఆఫీసులో తన పేర కవరొస్తే ఎవరు పంపారో వెనక్కి తిప్పి చూశాకే విప్పేవాణ్ణని తర్వాత చెప్పారు. ఫిర్యాదేదీ రాలేదు. పెన్షనూ వచ్చింది, ఫరీదాబాద్‌లో ఇల్లూ తీసుకున్నారు. ఫోరం మాత్రం రోజూ తెరిచి చదివేవారట, ఎవరైనా ఆ రెండో చరణం రాస్తారేమోనని.

పదో రోజు కర్మకి వెళితే అమ్మాయి నన్ను కంప్యూటరు ముందుకు తీసుకెళ్ళింది. తండ్రి పోయిన సంగతి అందులో పెట్టిందట. సంతాపాల మధ్య పిల్లగాలిది ఉంది. సైకిల్ పాట రెండో చరణం మొత్తం రాశాడు. దాని కింద ఇంకేదో ఉంది.

"అదేంటమ్మా?"

తెలుగు రాని పిల్ల, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది. "ఇట్లు... టమ... విడేయుడు..." ఆ తర్వాత ఒక పేరు, ఒక ఉద్యోగం, ఒక వీధి, ఇంటి నంబరు, ఊరు.

"అస్లీ నామ్ హోగా, అంకుల్?" అంది, అసలు పేరే అయ్యుంటుందా అని.

ఏమో. నేను అంత తొందరగా నమ్మేవాణ్ణి కాను. ఆ కింది వరసలు ఇంకోసారి చదవమన్నాను.