తీసేద్దాంగారి పిట్ట

ఆయన కంటపడిన ప్రతి వస్తువూ ఒక పరీక్ష పాసవ్వాల్సిందే. అందులో ప్రశ్న ఒక్కటే: "ఇది లేకపోతే ఏమవుతుంది?" ఎదుటివాళ్లు జవాబు వెతుక్కునేలోపే తీర్పు వచ్చేసేది: "ఏం కాదుగా? తీసేద్దాం!" అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతాల కాగితంలో ఎక్కడో ఉండే ఉంటుంది. వెబ్‌సైట్లు కట్టే ఆ ఆఫీసులో మాత్రం డైరెక్టర్ మొదలు వాచ్‌మన్ దాకా అందరికీ ఆయన తీసేద్దాంగారే.

తన కుర్చీకి చేతులు తీసేశారు. ఎలాగూ కుదురుగా కూర్చునే మనిషి కాదు, కిటికీకీ తలుపుకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటారు. ఫోన్లో "హలో" తీసేశారు. ఇంట్లో ఓసారి, కూరలో ఉప్పు లేకపోతే ఏమవుతుందని భార్యను అడిగారు. ఆ పూట భోజనమే లేకుండా పోయింది. మరోసారి మీసం మీదే పడ్డారు. మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ "ఎవరు కావాలండీ?" అంటూ అడ్డంగా నిలబడ్డాడు. మీసం మళ్లీ మొలిచేదాకా రోజూ ఇదే తంతు. అయినా ఆయన నొచ్చుకోలేదు సరికదా, మురిసిపోయారు. "చూశారా, మీసం అవసరమేనని తేలింది! తీసి చూడాలి. గొడవైతే తిరిగి పెట్టాలి. గొడవ కాకపోతే అసలు అదక్కడ ఎందుకున్నట్టు?"

ఇలాంటి మనిషి కింద పనిచేయడానికి వచ్చిపడింది డిజైనరమ్మ. అంతకుముందు ప్రకటనల కంపెనీలో చేసింది. బొమ్మలంటే ప్రాణం, రంగులంటే పిచ్చి. ఈ ఉద్యోగాన్ని నమ్ముకునే ఇల్లు అద్దెకు తీసుకుని అమ్మను తెచ్చి దగ్గర పెట్టుకుంది.

అప్పుడు వాళ్ల చేతిలో ఉన్న పని, నగరానికంతటికీ కరెంటిచ్చే సంస్థకు ఫిర్యాదుల వెబ్‌సైట్ కట్టడం. పాతదానికి ఒక మాయరోగం ఉండేది. కరెంటు ఉన్నంతసేపు భేషుగ్గా పనిచేసేది. కరెంటు పోగానే జనమంతా ఒక్కసారిగా ఫోన్లు తీసి దానిమీద పడేవారు, కరెంటుతోపాటు అదీ పోయేది. దానికి మందుగా వెబ్‌సైట్‌ను నడిపే కంప్యూటర్లను, అదే సర్వర్ల మీద సర్వర్లను, అద్దెకు తెచ్చి తగిలించారు. ఆఫీసు కట్టే అద్దె పెరిగింది కానీ రోగం తగ్గలేదు.

తీసేద్దాంగారు రంగంలోకి దిగారు. మొదటి పేజీలో కరెంటు సంస్థ చైర్మన్‌గారి నవ్వు ముఖం ఉండేది. "చీకట్లో ఉన్నవాణ్ని చూసి ఈయన నవ్వడం ఎందుకమ్మాయ్? తీసేద్దాం!" దీపాల వీడియో తీసేశారు. జారుతూ వచ్చే వార్తలు తీసేశారు. ఎవరు అడిగితే వాళ్లకు అప్పటికప్పుడు పేజీ తయారుచేసే పద్ధతినీ తీసేసి, ఒక్కసారి వండి గిన్నెలో పెట్టుకున్నట్టు సిద్ధం చేసిన పేజీనే అందరికీ ఇచ్చే ఏర్పాటు చేశారు. ఫిర్యాదు వస్తే ముందు తీసుకుని వరుసలో పెట్టడం, మిగతా తతంగం తర్వాత నిదానంగా చూసుకోవడం. అంతే.

చివరికి డిజైనరమ్మ పిట్ట దగ్గరకొచ్చారు. పేజీ తెరుచుకునేలోపు తెరమీద రెక్కలాడిస్తూ ఎగిరే పిట్ట అది. ఈకకు ఈక రంగులద్ది, కళ్లు కాయలు కాసేలా కూర్చుని గీసుకుంది.

"ఈ పిట్ట ఎందుకమ్మాయ్?"

"పేజీ వచ్చేదాకా జనానికి విసుగు పుట్టకుండా, సార్."

"పేజీ ఆలస్యంగా ఎందుకొస్తోంది?"

డిజైనరమ్మ లెక్కలు చూసి నీళ్లు నమిలింది. "పిట్ట... కొంచెం పెద్దది కదా సార్. అది దిగేసరికి..."

"తీసేద్దాం!"

ఆ సాయంత్రం డిజైనరమ్మ ఇంట్లో బ్యాగు విసిరికొట్టింది. "మనిషి కాదమ్మా, రంపం!"

"పోనీలేవే," అంది తల్లి. "పిట్టనేగా తీశాడు, నిన్ను కాదుగా."

ఆ ఊపులోనే తీసేద్దాంగారు ఓ ఘనకార్యం చేశారు. ఫిర్యాదు పేజీలో 'పంపించు' అనే బటన్ తీసేశారు. మీటర్ నంబరు పూర్తిగా కొట్టగానే ఫిర్యాదు తనంతట తానే వెళ్లిపోతుంది, ఇంకా బటన్ దేనికని ఆయన వాదన. పరీక్షకని ఆఫీసువాళ్ల ఇళ్లకు పేజీ పంపారు. ఫిర్యాదులన్నీ చక్కగా అందాయి. కానీ పంపినవాళ్లలో ఒక్కరూ అది నమ్మలేదు. నంబరు కొట్టడం, తెరవంక చూడటం, మళ్లీ కొట్టడం. ఒకే ఇంటి నుంచి ఫిర్యాదులు కుప్పలుగా వచ్చి పడ్డాయి. అందులో పెద్ద కుప్ప తీసేద్దాంగారి భార్యది.

"ఎన్నిసార్లు కొట్టినా వెళ్లట్లేదేమిటండీ?" అని ఆవిడ ఫోన్లో కేకలు.

"వెళ్లిందే!"

"నేను పంపందే ఎలా వెళ్తుందండీ?"

పక్కనే ఉన్న డిజైనరమ్మ ఉండబట్టలేకపోయింది. "సార్, బటన్ నొక్కితేనే మనిషికి చెప్పుకున్నట్టుంటుంది. బటన్ మన సర్వర్ కోసం కాదు, వాళ్ల మనసు కోసం."

తీసేద్దాంగారు నడక ఆపేశారు. అది వింతే. మీసం ఓసారి తడుముకున్నారు. "పెట్టెయ్ అమ్మాయ్. పెద్దదిగా పెట్టు."

వెబ్‌సైట్ మొదలయ్యే వారం డైరెక్టర్ అందరినీ కూర్చోబెట్టి, ఖర్చు తగ్గించాలని, నెలాఖరులోగా ఒకరిని వదులుకోక తప్పదేమోనని గొంతు సవరించుకుంటూ చెప్పారు. అందరికంటే చివర చేరింది డిజైనరమ్మే. పైగా పేజీలో బొమ్మ అనేదే లేకుండా పోయాక బొమ్మలమ్మాయికి ఏం పని? ఆ రోజు నుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. అమ్మకు చెప్పలేదు.

ఓ ఉదయం డైరెక్టర్ గది ముందు నుంచి వెళ్తుంటే లోపల తీసేద్దాంగారు కనబడ్డారు. డైరెక్టర్ సరదాగా ఆయన మాటే ఆయనకు అప్పజెప్పారు. "సరేనయ్యా, ఆ డిజైనర్ అమ్మాయి ఉంది. ఆ అమ్మాయి లేకపోతే ఏమవుతుంది?"

డిజైనరమ్మ అక్కడే ఆగింది. ఆ ప్రశ్నకు ఆయన జవాబేమిటో ఊరందరికీ తెలుసు. అంతలో తలుపు మూసుకుంది.

సీటుకొచ్చి కూర్చుంది, లేచింది, నీళ్లు తాగింది, మళ్లీ లేచింది. బయట ఆకాశం కూడా ఆమె ముఖంలాగే నల్లబడుతోంది. మధ్యాహ్నానికి గాలి కిటికీలను దడదడలాడించింది. వాన విరుచుకుపడింది. టప్పున కరెంటు పోయింది, ఆఫీసులోనే కాదు, సగం నగరంలో. జనమంతా ఫోన్లు తీశారు.

జనరేటర్ వెలుగులో అందరూ పెద్ద తెర ముందు గుమిగూడారు. ఫిర్యాదులు వానకంటే జోరుగా పడుతున్నాయి. డైరెక్టర్ గోళ్లు కొరుకుతున్నారు. వెబ్‌సైట్ మాత్రం చీమ కుట్టినట్టయినా లేకుండా నిలబడింది. అప్పుడు తీసేద్దాంగారు తెరమీద ఒక సర్వర్‌ని వేలితో చూపించారు.

"ఇది లేకపోతే ఏమవుతుంది?"

"ఇప్పుడా!" డైరెక్టర్ అదిరిపడ్డారు. "ఓయ్, ఆగవయ్యా! కొంప ముంచుతావా?"

"తుఫానులో అవసరం లేనిది ఎండలో ఏం అవసరం సార్? తీసేద్దాం!" ఆపేశారు. ఏమీ కాలేదు. ఇంకొకటి ఆపేశారు. ఏమీ కాలేదు. డైరెక్టర్ కుర్చీలో కూలబడ్డారు. వరుసగా ఆపుకుంటూ పోయి, పేజీ కాస్త బద్ధకించగానే "ఇది మీసం!" అని చివరిదాన్ని మళ్లీ వెలిగించారు. చేతులు దులుపుకుని డైరెక్టర్ వైపు తిరిగారు.

"ఇన్ని అద్దెలు మిగిలాయి సార్. ఈ వెబ్‌సైట్ పని చేతికిచ్చిన రోజే నాతో చెప్పారుగా, సర్వర్లైనా తగ్గాలి, మనుషులైనా తగ్గాలని. సర్వర్లు తగ్గాయి. ఇప్పుడడగండి, పొద్దున అడిగింది."

డైరెక్టర్‌కు నవ్వాగలేదు. "జవాబు పొద్దునే చెప్పావుగా. ఈ అమ్మాయి ముందు మళ్లీ చెప్పు."

"ఈ అమ్మాయి లేకపోతే బటన్ ఉండదు సార్. బటన్ లేకపోతే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు."

గదంతా గొల్లుమంది. డిజైనరమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్లూ తన రంగుల్నీ పిట్టనీ కోసిన రంపం, తన ఉద్యోగం జోలికి ఎవరూ రాకుండా కోసిందన్నమాట! ఆ తడబాటులో ముఖం దాచుకోవడానికి ఫోన్ తీసి, తన ఇంటి మీటర్ నంబరు కొట్టి బటన్ నొక్కింది. 'మీ మాట అందింది. మనిషి బయల్దేరుతున్నాడు' అని వచ్చింది. దాని పక్కన, మూడు నాలుగు గీతల్లో, ఒక పిట్ట. ఈకలు లేవు, రంగుల్లేవు. రెక్క మాత్రం ఆడిస్తోంది. అచ్చం తన పిట్టే, బాగా చిక్కింది.

"సార్, ఇది..."

తీసేద్దాంగారు అప్పుడే కిటికీ వైపు నడక మొదలుపెట్టారు. "బరువేం లేదులే. తూచే పెట్టాను."

డిజైనరమ్మ ఆయన వెనకే వెళ్లి చేతులు కట్టుకుని నిలబడింది. "ఈ పిట్ట లేకపోతే ఏమవుతుంది సార్?"

ఆయన తెరవంక చూశారు, వానవంక చూశారు, మీసం తడుముకున్నారు. "ఏమీ కాదు," అని ఒప్పుకున్నారు.

"మరి తీసేద్దామా?"

"అబ్బే, ఇంత వానలో ఎక్కడికి పోతుందమ్మాయ్ పాపం! ఉండనీ."