సీటు చూసి చెప్పే ఫకీర్ సాహెబ్

ప్రొద్దుటూరులో ఫకీర్ సాహెబ్ పొద్దున్నే అంగడి షట్టరు ఎత్తే ముందు, ఎదురుగా జమాల్ టీకొట్టు దగ్గర నిలబెట్టిన మోటారు సైకిళ్ల సీట్లన్నిటి మీదా ఒక్కసారి అరచెయ్యి వేసి చూస్తాడు. జ్వరం వచ్చిన బిడ్డ నుదురు తాకినట్టు, మెల్లగా. రోజూ వచ్చేవాళ్లకు ఇది అలవాటే. కొత్తవాళ్లు మాత్రం గ్లాసు చేత్తో పట్టుకునే పరుగెత్తుకొస్తారు.

"ఏం పా సాయిబూ, నా బండి మీద చెయ్యేస్తాండావు?"

"నీ బండి మీద కాదప్పా, సీటు మీద. ఈ మధ్యనే పెండ్లి అయినట్టుండాదే?"

ఆ మనిషి నోట్లో టీ నోట్లోనే ఉండిపోతుంది. "నీకెట్ల తెల్సు?"

"ఎనక సీటు ఎడమపక్క ఇప్పుడిప్పుడే కుంగతాంది."

ఆ తర్వాత ఆయన జమాల్ దగ్గర చక్కెర లేని టీ ఒకటి తీసుకుని, కషాయం తాగినట్టు మొహం పెట్టి తాగి, అంగడిలోకి పోతాడు. పోయిన ఏటి వరకూ ఆయన దినచర్య ఇది.

ఫకీర్ సాహెబ్ బండి సీట్లు కుట్టే మనిషి. ముప్పై రెండేండ్లుగా అదే పని. పది అడుగుల అంగడిలో ఒక కుట్టుమిషను, గోడకు ఆనించిన రెగ్జిన్ చుట్టలు, మూలన స్పాంజి ముక్కల గుట్ట, నడుమ ఆయన. చినిగిన సీటు తెచ్చిస్తే పాత కవరు పీకి, కుంగిన చోట స్పాంజి నింపి, కొత్త కవరు కుట్టి, అడుగున వరసగా పిన్నులు కొట్టి ఇస్తాడు. ఇన్నేండ్లలో ఎన్ని వేల సీట్లు ఆయన తొడల మీద బోర్లా పడుకున్నాయో ఆయనకే తెలియదు. మంత్రసానికి ఊళ్లో ఇండ్ల గుట్టు తెలిసినట్టు ఆయనకు బండ్ల గుట్టు తెలుసు.

ట్యాంకు దగ్గర అంచు అరిగితే పసిబిడ్డను ముందు కూర్చోబెట్టుకుని తిప్పినారని అర్థం. వెనకసీటు రెండు పక్కలా అరిగి నడుమ గుంటపడితే ముగ్గురేసి కుర్రాళ్లు ఎక్కిన బండి, దాని జోలికి పోకూడదు. ఎడమపక్క ఒక్కటే కుంగితే చీర కట్టుకున్న ఇల్లాలు పక్కకు తిరిగి కూర్చున్న బండి. దాన్ని ఆయన 'పెండ్లైన బండి' అంటాడు.

"కొంటే పెండ్లైన బండి కొనల్ల. ఎనక నుంచి ఆయమ్మ 'నిదానం, నిదానం' అని భుజం గిల్లతానే ఉంటాది. ఇంగ ఇంజను చెడిపోయేదానికి సందు యాడిది?"

ప్రొద్దుటూరులో పాత బండి కొనడానికి ఎవరూ ఒంటరిగా పోరు. పెండ్లిచూపులకు పోయినట్టు తెలిసిన పెద్దమనిషిని ఒకరిని వెంటబెట్టుకుని పోతారు. చదువుకునే పిల్లలకు ఆ పెద్దమనిషి ఫకీర్ సాహెబే. ఈ పేరు వంశీకృష్ణ అనే పులివెందుల పిల్లవాడి వల్ల వచ్చింది. ఆ పిల్లవాడు తళతళలాడే బండి ఒకదానికి బయానా ఇవ్వబోతూ, ఎందుకైనా మంచిదని ఈయనను పిలిచాడు. ఈయన సీటు పైకెత్తి, అడుగున ముక్కు పెట్టి, "ఇది ఏటి నీళ్లలో మునిగిన బండి నాయనా, ఇంగా వండ్రు వాసన వస్తాంది" అన్నాడు. పక్కనున్న ఇంకొకాయన పకపకా నవ్వి, అదే బండి తాను కొనుక్కుని పోయాడు. నెల తిరక్కుండా దాన్ని ముద్దనూరు నుంచి ఆటోలో పడుకోబెట్టుకుని వచ్చాడు. అప్పటి నుంచి సాయిబు వద్దన్న బండిని ఉచితంగా ఇచ్చినా తీసుకునేవాడు లేడు.

అయితే ఇంత పేరున్న ఫకీర్ సాహెబ్‌కు బండి నడపడం రాదు.

ఈ సంగతి ఆయన భార్య మున్నీకి తప్ప ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. పందొమ్మిదేండ్లప్పుడు జమ్మలమడుగు సంతరోజున బావమరిది మున్వర్ మోపెడ్ తీసుకుని నేర్చుకోబోయి, బ్రేకు అనుకుని వేరేదేదో తిప్పి, వంకాయల గుట్టలోకి దూరిపోయాడు. దెబ్బ తగల్లేదు. కానీ వంకాయలు అమ్మే ఆమె ఆయన్ను లేపకుండా ముందు వంకాయలు ఏరుకుంది. సంతంతా నవ్వింది. అంతే, మళ్లీ హ్యాండిలు ముట్టలేదు.

"బండి లేదా సాయిబూ?" అని ఎవరైనా అడిగితే, "షుగరప్పా. నడవల్లని డాక్టరు చెప్పినాడు" అనేవాడు. ఆయనకు షుగరు లేదు. కానీ ఒక అబద్ధం చెప్పినాక దానికి తగ్గట్టు బతకాలి కదా. అందుకే పదకొండేండ్లుగా బజార్లో చక్కెర లేని టీ తాగుతూ, ఇంటికి పోయినాక మున్నీ చేత రెండు చెంచాలు ఎక్కువ వేయించుకునేవాడు.

"ఎప్పుడో ఒకరోజు ఎవుడో ఒకడు 'ఎక్కి తోలి చూపించు' అంటాడు, అప్పుడు సూస్తా నీ సంబరం" అనేది మున్నీ.

ఆ రోజు పోయిన ఏడు వానాకాలంలో వచ్చింది. తెచ్చింది హెప్సిబా.

హెప్సిబా జమ్మలమడుగు పిల్ల. ప్రొద్దుటూరులో హాస్టల్లో ఉండి బీఈడీ చదువుతోంది. పొట్టిగా, సన్నగా, చేతిలో ఎప్పుడూ ఒక సంచి. పాఠాలు చెప్పి నేర్చుకోవడానికి ఆమెకు కేటాయించిన బడి ఊరికి ఈ చివర, హాస్టలు ఆ చివర. నడుమ షేర్ ఆటో. ఎనిమిదో మనిషి ఎక్కేదాకా ఆటో కదలదు, ఆ ఎనిమిదో మనిషి ఎప్పుడూ టీ తాగుతుంటాడు. ప్రార్థన గంటకు ఆమె అప్పటికి మూడుసార్లు ఆలస్యమైంది. నాలుగోసారి ఆలస్యమైతే శిక్షణ కాగితాల మీద సంతకం పెట్టేది లేదని హెడ్మిస్ట్రెస్ పద్మావతమ్మ తేల్చి చెప్పేసింది. సంతకం లేకపోతే ఏడాది చదువు పోయినట్టే.

"మామా, పాత బండి చూసి చెప్పేది నువ్వేనంట కదా" అంటూ వచ్చింది శనివారం పొద్దున.

"బండి చూసేది మెకానిక్కు పాపా. నేను సీటు చూస్తా."

"సీటు చూస్తే చాలంట కదా. హాస్టల్లో అందరూ చెప్పినారు."

ఫకీర్ సాహెబ్‌కు ఈ మాట చెవిలో తేనె పోసినట్టుంది. "ఆడపిల్లవు, స్కూటీ కొనుక్కోరాదా?"

"స్కూటీ పాతది కూడా నలభై వేలకు తక్కువ చెప్పడంలేదు మామా. నా దగ్గర ఉండేది ఇరవై ఏడు. పెట్రోలు పోసుకోవాల్సింది కూడా నేనే. క్లాసులో మొగపిల్లోళ్లేమో లావు టైర్లది తీసుకో అంటారు. మా నాయనేమో మోపెడ్ అంటాడు."

"నీకేం గావల్ల?"

"నా కాళ్లు నేలకానల్ల. ఎనిమిదిన్నరకల్లా బడికాడ ఉండల్ల. అంతే."

ఇంత తెలివిగా బండి అడిగినవాళ్లు ఈమధ్య ఎవరూ రాలేదనుకుంటూ ఫకీర్ సాహెబ్ లేచి, చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

జమ్మలమడుగు రోడ్డులో జయప్రకాష్‌ది పాత బండ్ల అంగడి. జయప్రకాష్ మాటకారి. కొనడానికి వచ్చినవాళ్లను బట్టి బండికి పూర్వజన్మ కల్పిస్తాడు. రైతు వస్తే అది వ్యవసాయ అధికారి బండి, విద్యార్థి వస్తే అది ప్రొఫెసరు బండి. హెప్సిబా పేరు అడిగి తెలుసుకుని, ఎర్రగా నిగనిగలాడుతున్న బండి ఒకదాని ముందు ఆగాడు.

"జమ్మలమడుగులో ఒక పాస్టరుగారిది. ఆదివారం చర్చికి, బుధవారం ప్రార్థనకు. అంతే తిరిగింది. ఇరవై ఏడుకే ఇస్తా."

"మాదీ జమ్మలమడుగే. ఏ చర్చన్నా?"

"అదే… పెద్ద చర్చి."

"పెద్ద చర్చి పాస్టరుగారు నడిచే వస్తాడు కదన్నా."

"బండి అమ్మేసినాక నడవక ఏం చేస్తాడు మ్మా?"

హెప్సిబా ఒక రౌండు నడిపి వచ్చింది. బండి బాగానే పోయింది, కాళ్లూ ఆనాయి. ఆమె మొహం వెలిగిపోయింది. "ఇంగ నువ్వు చెప్పు మామా."

ఫకీర్ సాహెబ్ సీటు మీద చెయ్యి వేశాడు. చెయ్యి ఏమీ చెప్పలేదు. సీటు నున్నగా, గట్టిగా, నిన్న పుట్టినట్టు ఉంది. తోకదగ్గర కుట్టు చూశాడు. చివరి రెండు కుట్లు వెనక్కి తిప్పి ముడివేసి ఉన్నాయి. ఊళ్లో అలా ముడివేసేవాడు ఒక్కడే.

అది ఆయన కుట్టిన సీటే.

జయప్రకాష్ అంగడి సీట్లన్నీ గోతంలో వేసుకుని ఆయన దగ్గరికే వస్తాయి. ఆయన సంపాదనలో సగానికి పైగా అక్కడిదే. పోయినవారం పన్నెండు సీట్లు వచ్చాయి. "పాతది పీకే పని పెట్టుకోవద్దు సాయిబూ, దానిమీదే కొత్తది తొడుగు, జల్దీ అయిపోతాది" అని కబురు కూడా వచ్చింది. ఆ పన్నెండిట్లో ఇది ఏదో ఆయనకు గుర్తులేదు. ఏ గుట్టునైతే చదివి చెప్తాడని ఈ పిల్ల పిల్చుకొచ్చిందో, ఆ గుట్టును తన చేత్తో తనే కప్పిపెట్టాడు.

"ఏం సాయిబూ, ఉలుకూ పలుకూ లేదు?" జయప్రకాష్ కళ్లు నవ్వుతున్నాయి. "సీటు ఏమీ చెప్పలేదా? అయితే ఎక్కి ఒక రౌండు కొట్టి రా. నీ చెయ్యి పడితే బండి నిజం చెప్తాది."

"అవును మామా, నువ్వొక రౌండు తిరిగి చెప్పు" అంది హెప్సిబా. అప్పటికే చుట్టూ పదిమంది చేరారు.

ఫకీర్ సాహెబ్ ఎక్కి కూర్చున్నాడు. ఎందుకు ఎక్కాడో ఆయనకే తెలియదు, అందరూ చూస్తున్నారని ఎక్కాడు. జయప్రకాష్ మనిషి ఒకడు వచ్చి స్టార్టు చేసి పెట్టాడు. బండి గురగురమంటోంది. ఆయన రెండు చేతులతో హ్యాండిలు పట్టుకుని, ఊరేగింపులో పెండ్లికొడుకులాగా నిటారుగా కూర్చున్నాడు. కళ్ల ముందు వంకాయలు కనిపించాయి.

"పో సాయిబూ!" అన్నారెవరో.

బండి బాగుందని చెప్పి దిగిపోతే పేరు దక్కుతుంది, జయప్రకాష్ పనీ దక్కుతుంది. పిల్ల తన దుడ్లు ఇచ్చేసి ఈ బండి మీద సోమవారం బడికి బయలుదేరుతుంది. చేరుతుందో లేదో అల్లాకే ఎరుక. హెప్సిబా సంచిని రెండు చేతులా పట్టుకుని ఆయన నోటికేసి చూస్తోంది.

"నాకు రాదు" అన్నాడు ఫకీర్ సాహెబ్.

"ఏం రాదు?"

"బండి తోలేది రాదు. ఎప్పుడూ రాదు. ఎవురన్నా ఇంజను ఆపండప్పా, నాకు ఆపేది గూడా తెలీదు."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత జయప్రకాష్ నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు అంగడి దాటి రోడ్డు మీదికి పోయింది. "బండి తోలేది రానోడంట, ఊరందరికీ బండ్లు చూసిస్తాడంట!"

హెప్సిబా చెవులు ఎర్రబడ్డాయి. నలుగురిలో మాట్లాడే పిల్ల కాదు. అయినా నేల చూపులు చూస్తూనే, "మా అవ్వ సుబ్బమ్మకు చదువు రాదన్నా. దొంగ నోటైతే మాత్రం వేలితో ముట్టుకుని చెప్తాది" అంది.

ఆ మాటతో ఫకీర్ సాహెబ్ హ్యాండిలు వదిలాడు. దిగి, జేబులోంచి తన చిన్న స్క్రూడ్రైవరు తీశాడు. సీటు ఊడదీసి బోర్లా తిప్పి, తను కొట్టిన పిన్నులు తనే ఒక్కొక్కటిగా పీకాడు. ఎర్ర కవరు తొలగించగానే అడుగున పాత నల్ల కవరు బయటపడింది. వెనక రెండు అంచుల్లోనూ తాడు కోసుకుపోయిన గాట్లు, వేలు దూరేంత లోతు. పుల్లటి వాసన ఒకటి గుప్పున కొట్టింది.

"పాల బండి పాపా. రెండు పక్కలా క్యాన్లు కట్టి ఏండ్ల తరబడి తోలినారు. సీటు ఇంత మోసిందంటే దానికింద ఇనుము ఎంత మోసింటాదో చూసుకో."

"పాస్టరుగారు పాలు కూడా పోసేవాడేమో అన్నా" అంది హెప్సిబా, చిన్న గొంతుతో. ఈసారి జనం జయప్రకాష్‌ను చూసి నవ్వారు.

"నువ్వే కుట్టి నువ్వే చింపుతాండావా సాయిబూ? రేపట్నుంచి నా సీటొక్కటి నీ గడప తొక్కితే చూడు!"

"కుట్టిందే తప్పు జయప్రకాషూ. చింపినదానికి కూలి అడగలేదులే."

ఇంక వెళ్లిపోవలసిందే అనుకుంటూ తిరిగినప్పుడు, రేకుల కింద మూలన దుమ్ముకొట్టుకుని నిలబడి ఉన్న బూడిదరంగు బండి ఆయన కంటబడింది. సీటు చినిగి స్పాంజి బయటికి చూస్తోంది. కొత్త కవరుకు కూడా నోచుకోని బండి. అలవాటుగా చెయ్యి వేశాడు. ముందు సీటు నడుమ ఒక్కటే అరుగుడు. వెనక ఎడమపక్క ఒక్క గుంట, అరచెయ్యి పట్టేంత, నున్నగా.

"పాపా, ఇట్ల రా. ఇది పెండ్లైన బండి. కనీసం పదేండ్ల కాపురం."

హెప్సిబా ఎక్కి చూసింది. మునివేళ్లు మాత్రమే ఆనాయి. "దించుతాలే, ఒకటిన్నర అంగుళం స్పాంజి కోసేస్తే సరిపోతాది" అన్నాడు. రౌండు కొట్టి వచ్చి ఆమె తల ఊపింది. కాగితాలు చూస్తే మొదటి యజమాని పేరే ఉంది. జయప్రకాష్ కోపంలో ఉన్నా వ్యాపారి కదా, ఇరవై నాలుగుకు ఇచ్చేశాడు.

"ఎక్కు మామా, అంగట్లో దింపుతా."

లుంగీ సర్దుకుని ఫకీర్ సాహెబ్ పక్కకు తిరిగి, సరిగ్గా ఆ ఎడమపక్క గుంటలోనే కూర్చున్నాడు. జమ్మలమడుగు రోడ్డు నుంచి టీకొట్టు దాకా "నిదానం పాపా, నిదానం" అంటూనే ఉన్నాడు.

కబురు ఆయనకంటే ముందే వచ్చేసింది. జమాల్ చక్కెర లేని టీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఏం మామా, బండి రాదంట నీకు?"

"రాదు. ఆ టీలో చక్కెర వెయ్యి."

"షుగరు?"

"బండి రాదని తెలిసిపోయినాక ఇంగ షుగరెందుకప్పా?"

మూడు నెలలు జయప్రకాష్ తన సీట్లు ఎర్రగుంట్లకు పంపించాడు. అక్కడి కుట్లు వానకు విప్పుకుంటే మళ్లీ గోతం ఇటే వచ్చింది. ఇప్పుడు ఫకీర్ సాహెబ్ పాత కవరు పీకకుండా కొత్తది తొడగడు. పీకిన పాత కవర్లను అంగడి బయట కొయ్యకు వేలాడదీస్తాడు, చూడదల్చుకున్నవాళ్లు చూసుకోవచ్చు. హెప్సిబాకు సంతకం దొరికింది. డీఎస్సీకి చదువుకుంటూ, అదే బండి మీద కోచింగుకు పోతోంది.

ఫకీర్ సాహెబ్‌కు ఇప్పుడు అరవై రెండేండ్లు. జమాల్ కొట్లో రెండు చెంచాల చక్కెర వేసుకుని టీ తాగుతాడు. అంగడికి నడిచే వస్తాడు.