నిలబెట్టి కోసిన ముక్క

పళ్ల ఆసుపత్రి కింది అంతస్తులో, మందుల గోదాము పక్క గదిలో ఇరవై ఆరేళ్లుగా ఒకే పని చేస్తున్న మనిషిని అందరూ మైనం అక్క అంటారు. దవడల్లోంచి తీసిన ముక్కల్ని మైనంలో దిమ్మకట్టి, వెంట్రుక కన్నా పలచగా కోసి, రంగు వేసి, గాజు పలకకెక్కించడం ఆమె పని. ఆ పలక చూసి జబ్బు పేరు చెప్పడం పై అంతస్తులోని పెద్ద డాక్టరు పని. పేరు చెప్పడానికి ఆయనకు రెండు నిమిషాలు చాలు. చెప్పిన పేరు మీద మాట్లాడటానికి రెండు గంటలు చాలవు. విద్యార్థులు ఆయన్ని ఉపన్యాసం గారనేవాళ్లు.

ఒకసారి ఒక దర్జీ ఆవిడ వచ్చింది. కింది దవడ ముందుభాగం నొప్పి లేకుండా ఉబ్బింది. ఎక్స్‌రేలో ఎముక మధ్య తిత్తిలాంటి ఖాళీ కనిపించింది. సర్జనమ్మ ఆ తిత్తి గోడలోంచి చిన్న ముక్క తీసి కిందికి పంపింది. మర్నాడు అక్క తల్లికి కంటి ఆపరేషన్. ముక్కను అచ్చులో పెట్టకండి, ఎల్లుండి వచ్చి నేనే పెడతానని చీటీ రాసి మరీ సెలవు మీద వెళ్లింది.

ఉపన్యాసం గారు ఆగితే కదా. కరిగిన మైనంలో ముక్క వేయడానికి ఇంత తతంగమా అంటూ, విద్యార్థుల్ని చుట్టూ నిలబెట్టుకుని, తానే వేసి తానే కోశారు. చేతులు పని చేస్తున్నంతసేపూ నోరు ఆగలేదు. విద్యార్థులు తలలూపారు.

తిత్తి గోడ మడతపెట్టిన గుడ్డ లాంటిది. అంచు పైకొచ్చేలా నిలబెట్టి కోస్తేనే ఎన్ని పొరలో తెలుస్తుంది. పడుకోబెట్టి కోస్తే పొరలన్నీ కలిసి ముద్దలా కనిపిస్తాయి. ఆయన పడుకోబెట్టారు. మైక్రోస్కోపులో ముద్ద కనిపించింది, మధ్యమధ్య జిగురు నిండిన కణాలూ కనిపించాయి. క్యాన్సర్ అని రాసేశారు. తన చేతి పని మీద అనుమానం రావడానికి ఆ చేతికి పని వచ్చుంటే కదా!

గురువారం దవడ ముందు ఎముక తీసేయాలన్నారు. మంగళవారం దర్జీ ఆవిడ కాగితాల కోసం దారి తప్పి అక్క గదిలోకొచ్చింది. "ముందు పళ్లు కూడా పోతాయా అక్కా? దారం కొరకడం వాటితోనే," అంది.

అక్క ఆవిడ చీటీ మీది నంబరు చూసుకుని, కాగితాలిచ్చే గది చూపించింది. ఆవిడ వెళ్లాక ఆ నంబరు దిమ్మ తీసి చూసింది. ముక్క చాపలా పరుచుకుని ఉంది. మైనం కరిగించి, ముక్కను పట్టకారుతో నిలబెట్టి, మళ్లీ దిమ్మకట్టి, సాయంత్రానికి ముప్పై కోతలు కోసింది. ముద్ద లేదు. పలచటి పొర, అందులో గ్రంథుల్లాంటి చిన్న చిన్న గుంటలు, అక్కడక్కడ ముడుల్లా మందం. క్యాన్సర్‌లా పొర దాటి గోడలోకి ఒక్క కణమూ చొరబడలేదు. అలాంటి తిత్తిని, డాక్టర్లు సిస్టు అనేదాన్ని, ఆమె అంతకుముందు ఒక్కసారే చూసింది. ఆ పాత పలకను సొరుగులోంచి తీసి పక్కన పెట్టుకుంది.

బుధవారం పొద్దున్నే ఉపన్యాసం గారి దగ్గరికెళ్లింది.

"సార్, మీరు పడుకోబెట్టిన ముక్కను నిలబెట్టాను. ఒకసారి చూడండి."

"మైనం కరిగించేవాళ్లు జబ్బులు కూడా చెప్తున్నారన్నమాట."

"నేనేం చెప్పడం లేదు సార్. చూడమంటున్నాను."

ఆయనకు మీటింగుందట. అక్క పలకలతో సర్జనమ్మ గదికి వెళ్లింది. సర్జనమ్మ అరగంట సేపు మైక్రోస్కోపులో చూసింది. "ఎముక తీశాక మళ్లీ అతికించలేను కదా," అని గురువారం పని మార్చింది. ఎముక జోలికి పోకుండా తిత్తి మొత్తం ఒలిచి తీసింది. తీసిందంతా అక్క నిలబెట్టి కోసింది. అదే అరుదైన సిస్టు. మళ్లీ వచ్చే రకం కాబట్టి ఆరు నెలలకోసారి చూపించుకోవాలి, అంతే.

చింత చచ్చినా పులుపు చావదు. ఆరు నెలలకు ఉపన్యాసం గారు పెద్ద హాల్లో ఈ సిస్టును తాను ఎలా కనిపెట్టారో గంటన్నర చెప్పారు. తెర మీద వేసినవి అక్క కోసిన పలకలు. మొదట తాను కోసిన పలక మాత్రం వేయలేదు.

ఆ గంటన్నరా అక్క కింద గదిలోనే ఉంది. పరీక్షకొచ్చిన దర్జీ ఆవిడ అక్క కోటుకు ఊడిన గుండీలు కుడుతోంది. చివరి గుండీ అయ్యాక దారాన్ని ముందు పళ్లతో పుటుక్కున కొరికింది.

"బల్ల మీద కత్తెరుందిగా," అంది అక్క.

"చూశాను," అంది ఆవిడ.