గరాజ్‌లో సీసం

మా ఇంట్లో రివాల్వర్ నాది. న్యూజిలాండ్‌లో మేముండే టకానినిలో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా, ఈ సంగతి బయటపడగానే అందరూ మా ఆయన వంక జాలిగా చూస్తారు. ఆయన ఆ జాలిని వద్దనడు. "అందుకే నేను ఇంట్లో గట్టిగా మాట్లాడనండీ" అని ఒక జోకు వేసి, ఇంకో గారె పెట్టించుకుంటాడు. ఆ జోకు వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి.

ఆఫీసులో నా పక్క సీటావిడ ఒక శనివారం పిస్టల్ క్లబ్బు చూపిస్తానని తీసుకెళ్ళింది. ఏదో కాలక్షేపానికి వెళ్ళాను. కాగితం మీద నల్లటి చుక్కను చూస్తూ ఊపిరి బిగబట్టిన ఆ ఒక్క క్షణంలో, బుర్రలో ఇంటి అప్పు లేదు, ఆఫీసు లేదు, ఏమీ లేదు. పెళ్ళయ్యాక నాకంటూ దొరికిన నిశ్శబ్దం అదే. లైసెన్సుకు నెలలు పట్టింది. పోలీసులు ఇంటికొచ్చి, గోడకు బిగించిన ఇనప సేఫ్‌ను ఊపి మరీ చూసి వెళ్ళారు.

నాది ముప్ఫై రెండు కాలిబర్ రివాల్వర్, చిన్నది. దానికి తూటాలు షాపుల్లో ఎప్పుడో గానీ రావు. అందుకే మా క్లబ్బులో చాలామంది పేలిన ఖాళీ తూటాలను ఏరుకుని, ఇంటి దగ్గర మళ్ళీ మందు నింపుకుంటారు. వాటి మొనకు బిగించే సీసపు గుండ్లు కూడా సొంతంగా పోత పోసుకుంటారు. నాకు ఆ పని నేర్పింది క్లబ్బులో ఒక ముసలి కివీ, ఇక్కడే పుట్టి పెరిగినవాడు. నేను అంకుల్ అని పిలిస్తే మొదట్లో తెల్లబోయాడు, తర్వాత అలవాటుపడ్డాడు.

టైర్ల షాపువాళ్ళు పారేసే చక్రాల బరువులను కరిగిస్తే సీసం వస్తుంది. మూసలో మూలమూలకీ పాకాలంటే అందులో కాస్త తగరం పడాలి. పాత తగరపు గిన్నెలూ గ్లాసుల కోసం సెకండ్ హ్యాండ్ షాపులన్నీ తిరిగేదాన్ని. "చెవి దగ్గర పెట్టుకుని వంచు," అనేవాడు అంకుల్. "మంచి తగరమైతే కిర్రుమంటుంది. సీసం బాగా కలిసిందనుకో, నోరు మెదపదు."

గరాజ్‌లో నా పద్ధతులు చూసి ఇంట్లో నవ్వేవాళ్ళు. కారు బయట పెట్టాలి, తలుపు పూర్తిగా ఎత్తాలి. ఒంటి మీద వేరే బట్టలు, ముక్కుకు మాస్కు, చేతికి గ్లవుజులు. అక్కడ మంచినీళ్ళు కూడా తాగకూడదు. పని కాగానే సబ్బుతో చేతులు, తర్వాత తలస్నానం, ఆ బట్టలు విడిగా ఉతుక్కోవడం. మా పాపని గడప దాటి రానిచ్చేదాన్ని కాదు. "గుడిలో పూజారికి కూడా ఇంత మడి ఉండదే తల్లీ!" అనేది మా అత్తమ్మ.

అత్తమ్మది తణుకు వైపు, నాది వరంగల్. పాప పుట్టాక నేను మళ్ళీ ఉద్యోగంలో చేరుతుంటే, పిల్లని చూసుకోవడానికి వచ్చి మాతోనే ఉండిపోయింది. వస్తూ వస్తూ మా కోసమని చారు కాచుకునే కొత్త సత్తు గిన్నె ఒకటి కొనుక్కొచ్చింది. అచ్చమైన తగరమని అమ్మినవాడు ఒట్టు వేశాడట. సూట్‌కేసులో నొక్కుకుపోతుందని విమానంలో ఒళ్ళో పెట్టుకుని మోసుకొచ్చింది.

"స్టీలు గిన్నెలో కాస్తే అది చారవుద్దేంటమ్మా? పసుపు నీళ్ళవుద్ది."

"మా పచ్చిపులుసుకు పొయ్యే అక్కర లేదు, అత్తమ్మా."

"ఆయ్, అందుకేగా మీకు ఒంట్లో అంత వేడి!"

ఇలా సరదాగానే నడిచేది. ఆ చారు ఇంట్లో నేను తప్ప అందరూ తాగేవాళ్ళు. నాకు ఆఖర్న మజ్జిగ పడాల్సిందే. పాపకు మాత్రం నాన్నమ్మ చేత్తో కలిపిన చారన్నం, పైన చిన్న గ్లాసుడు చారు.

పాపకు నాలుగేళ్ళు నిండాక కడుపునొప్పి మొదలైంది. మలబద్ధకం, చిరాకు, మొహం పాలిపోవడం. ఐరన్ సిరప్ వాడాం, గుణం కనిపించలేదు. డాక్టరమ్మ ఇల్లు పాతదా, పెచ్చులూడే రంగులున్నాయా అని అడిగింది. మాది కొత్త ఇల్లు, చుట్టూ ఇంకా కడుతూనే ఉన్నారు. "ఇంట్లో ఎవరైనా సీసంతో పనిచేస్తారా?" అంది. చేస్తానన్నాను. ఆవిడ పెన్ను ఆగిపోయింది.

పాప రక్తంలో సీసం ఉండకూడనంత ఉంది. నాకూ పరీక్ష చేశారు. కాస్త ఉంది గానీ, షూటింగ్ చేసేవాళ్ళకు మామూలేనన్నారు. పిల్లల ఒంటికి త్వరగా పడుతుందట. ఆరోగ్య శాఖ నుంచి ఒకావిడ వచ్చి గరాజ్‌లో బల్లనీ నేలనీ దూదితో తుడిచి, ఆ దూదిని పరీక్షకు తీసుకెళ్ళింది. అక్కడ సీసం ఉంటుంది, ఉంది. గరాజ్ దొరికాక వంటింటి ప్రశ్నలు ఆవిడ పైపైనే అడిగింది.

ఆ సాయంత్రం అత్తమ్మ నా మొహం చూడలేదు. గోడతో మాట్లాడినట్టు అంది, "పసిపిల్లున్న ఇంట్లో విషం కాస్తారా ఎవరైనా? కన్నతల్లే!"

మా ఆయన తల పట్టుకుని, "నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా," అన్నాడు.

ఎప్పుడు చెప్పాడు? ఏ మొదట్నుంచీ? నేను పోసిన గుండ్లను ఆఫీసులో ఫొటోలు తీసి చూపించుకున్న మనిషి! ఒళ్ళు మండిపోయింది. కానీ నాకే అనుమానం. నా జుట్టుకు అంటుకుని వచ్చిందా, నా చెప్పులతో వచ్చిందా? పాపను ఎత్తుకోబోయి, చేతులు చూసుకుని, ఆగిపోయిన రోజులున్నాయి. బిడ్డకు నేనే చెరుపు చేశానన్న భయం ఎలా ఉంటుందో పగవాళ్ళకు కూడా తెలియకూడదు.

సీసం, మూస, పొయ్యి అన్నీ అంకుల్‌కు ఇచ్చేశాను. గరాజ్ మూడుసార్లు కడిగాను. క్లబ్బుకు వెళ్ళడం మానేశాను. అత్తమ్మ తన వంతుగా పిల్ల నీరసించిపోయిందని మిరియాలూ వెల్లుల్లీ దట్టించి రెండు పూటలా చారు కాచింది. "రక్తం పట్టాలమ్మా," అంటూ దగ్గర కూర్చుని తాగించింది.

మళ్ళీ పరీక్ష చేశారు. తగ్గలేదు సరికదా, పెరిగింది.

ఈసారి డాక్టరమ్మ ఇంటిల్లిపాదికీ పరీక్ష రాసింది. అందరికంటే ఎక్కువ అత్తమ్మకు వచ్చింది. తర్వాత మా ఆయనకు. అత్తమ్మ గరాజ్ గడప ఎన్నడూ తొక్కలేదు, ఆయన చెత్తబుట్ట కోసం తప్ప అటు పోడు. సీసం పోత పోసిన నాకు అందరికంటే తక్కువ. క్లినిక్ నుంచి ఇంటికొచ్చి అన్నాలకు కూర్చున్నాం. వాళ్ళ ముగ్గురి ముందూ చారు గ్లాసులు, నా ముందు మజ్జిగ. చేతిలో ముద్ద కంచంలో పడేశాను.

"తాగకు, బేటా!" అని పాప చేతిలో గ్లాసు లాక్కున్నాను. పాప బిత్తరపోయి, "వై, మమ్మీ?" అంటూ ఏడుపు మొదలుపెట్టింది.

వంటింట్లోకి వెళ్ళి గిన్నెలో చారు సింకులో పారబోసి, అంచు చెవి దగ్గర పెట్టుకుని వంచాను. మెత్తగా వంగింది. చప్పుడు లేదు. ఇంకోచోట వంచాను. లేదు. కరెంటు బిల్లు కవరు మీద అంచుతో ఒక గీత గీశాను. పెన్సిలుతో గీసినట్టు బూడిద రంగులో పడింది.

"ఏంటమ్మా అది? బంగారంలాంటి గిన్నెని నాశనం చేస్తన్నావ్!" అత్తమ్మ వెనకే వచ్చింది.

"ఇది తగరం కాదత్తమ్మా. సీసం కలిపిండ్రు."

ఆవిడ నమ్మలేదు. ఆరోగ్య శాఖావిడ గిన్నె పట్టుకెళ్ళి పరీక్ష చేయించింది. అందులో సగానికి సగం సీసమేనని, చింతపండు పులుపుకు కాచినప్పుడల్లా చారులోకి దిగుతోందని చెప్పింది. ఇక వాడకుండా పారేయమని గిన్నెను తిరిగిచ్చింది.

నిజం చెప్తున్నాను, ఆ రోజు కోసం మాటలు నూరి పెట్టుకుని ఉన్నాను. విషం కాసింది ఎవరు అత్తమ్మా, ఎవరి గిన్నె అత్తమ్మా అని ఒక్కొక్కటీ అడగాలనుకున్నాను. వెతికితే ఆవిడ వంటింట్లో లేదు. గరాజ్ గడప మీద కూర్చుని ఉంది, కుడి అరచేతిని చీర కొంగుతో తుడుచుకుంటూ.

"ఈ చేత్తోనే కలిపి పెట్టానమ్మా," అంది. "వద్దని మూతి తిప్పుకుంటే కథలు చెప్పి మరీ పెట్టాను."

నూరుకున్న మాటలు నాలిక మీదకు వచ్చాయి. నోట్లోంచి బయటికి వచ్చింది మాత్రం వేరే.

"మీకు తెలిసి పెట్టిన్రా, అత్తమ్మా?"

అన్నాక నాకే ఏడుపొచ్చింది. అన్ని నెలల్లో ఆ ఒక్క మాట నాతో ఎవరూ అనలేదు. ఆవిడకూ అదే తట్టినట్టుంది, నా చెయ్యి పట్టుకుంది. వెనక మా ఆయన వచ్చి, "నేను మొదట్నుంచీ..." అని ఏదో అనబోయాడు. ఇద్దరం ఒకేసారి తిరిగి చూశాం. చెత్తబుట్ట తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

పాప రక్తంలో సీసం మెల్లగా తగ్గుతోంది. కడుపునొప్పి పోయింది, అల్లరి తిరిగొచ్చింది. డాక్టరమ్మ ఇంకా పరీక్షలు రాస్తూనే ఉంది.

గిన్నెను మాత్రం అత్తమ్మ చెత్తలో వేయనివ్వలేదు. "ఎవరైనా ఏరుకుని వండుకుంటే? వాళ్ళింట్లోనూ పిల్లలుంటారు కదా. నువ్వే కరిగించెయ్యి. మళ్ళీ గిన్నె అవకుండా చూడు."

ఇంట్లో పోత పోయడం నేను మళ్ళీ మొదలుపెట్టలేదు. తప్పు గరాజ్‌ది కాదని తేలినా మనసొప్పలేదు. ఊరి బయట అంకుల్ షెడ్డులో గిన్నెను ముక్కలు చేసి, వేరే సీసంతో కలిపి కరిగించాను. అందరూ తగరం కోసం షాపులన్నీ తిరుగుతుంటే, నాకు ఇంట్లోనే దొరికిందని అంకుల్ నవ్వించబోయాడు. నాకు నవ్వు రాలేదు. గుండ్లు మాత్రం తళతళలాడుతూ వచ్చాయి, పాడైన గుండు ఒక్కటీ లేదు.

క్లబ్బులో వాటిని కాల్చే రోజు అత్తమ్మ నేనూ వస్తానంది. చీర మీద స్వెటరు, చెవులకు చప్పుడు ఆపే క్లబ్బువాళ్ళ పెద్ద మఫ్లు. ప్రతి పేలుడుకీ ఉలిక్కిపడింది గానీ కుర్చీలోంచి లేవలేదు. చిట్టచివరి గుండు కాగితం వెనకున్న మట్టిగట్టులోకి పోయాక, రివాల్వర్ ఖాళీ చేసి పెట్టెలో పెట్టాను.

"అయిపోయాయా?" అంది, మఫ్లు తీసి.

"అయిపోయినయ్, అత్తమ్మా."

"అన్నీనా? ఆ తూటాల డబ్బా ఓసారి బోర్లించమ్మా."

బోర్లించాను. ఏమీ రాలలేదు. ఆవిడ తృప్తిపడక డబ్బా తీసుకుని, లోపల మూలలన్నీ వేలితో తడిమి చూసి నాకు తిరిగిచ్చింది. తర్వాత కొళాయి ఎక్కడుందో వెతుక్కుంటూ లేచింది.

"పద, సబ్బెట్టి చేతులు కడుక్కుందాం. పిల్ల దగ్గరికెళ్ళాలి."