కొత్తపట్నం జీపుకు పాత ఇంజనే

నేను రిటైరవడానికి ముందు ఏడాది వానాకాలం చివర్లో, ఒంగోలులో ఫోర్‌మన్‌గా ఉన్న ఇంజన్ బోరింగ్ షాపుకు కొత్తపట్నం నుంచి సుభానీ తన పెట్రోలు జీపు తెచ్చాడు. చేపల పెట్టెలు మోయడం, ఇసుకలో బోట్లను పైకి లాగడం దాని పని. లాగుడు చాలడం లేదని, వేరే డీజిల్ ఇంజన్ ఎక్కించమన్నాడు.

ఇంజన్ మారిస్తే రవాణా శాఖ అనుమతి కావాలి. గేర్‌బాక్సు కూడా కుదరాలి. పాత ఇంజన్‌లో సిలిండర్ల గోడలు కొలిస్తే మందం బాగానే ఉంది. ఉన్నదాంట్లోనే బలం తీయవచ్చని చెప్పి ఒప్పించాను. సిలిండర్లు పెద్దవి చేసి ఓవర్‌సైజు పిస్టన్లు వేశాం. హెడ్ ఫేసింగ్ చేసి, అంటే సిలిండర్ల మీది మూత అడుగును కాస్త చెక్కి, కంప్రెషన్ పెంచాం. వేడి పెరుగుతుంది కాబట్టి రేడియేటరూ పెద్దదే పెట్టాం.

అప్పగిస్తూ ఒక్క షరతు పెట్టాను. వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా బరువు లాగకూడదు. పిస్టన్ల చుట్టూ వేసిన కొత్త రింగులు సిలిండర్ గోడలకు ఒరుసుకుని కుదురుకోవాలి.

వారం తిరక్కుండానే తుఫాను హెచ్చరిక వచ్చింది. సుభానీ ఫోన్ చేశాడు.

"సార్, బోట్లు లాగడానికి తెచ్చిన ట్రాక్టరు ఇసకలో దిగబడిపోయిందండి. బోట్లన్నీ నీళ్ల అంచునే ఉన్నాయి. జీపు కట్టమంటారా?"

నా వృత్తి ప్రకారం జవాబు వద్దనే. ఫోనులో ఆ మాట అనలేక బయల్దేరి వెళ్లాను.

ఒడ్డున పోలమ్మ అనే బోటు యజమానురాలు అతని మీద అరుస్తోంది. "ఏరా సుభానీ, నీ జీపుకి కొత్తపెళ్లికూతురి మర్యాదలేందిరా? బోటు పోతే మేమేం తినాల?"

సుభానీ నా వైపు చూశాడు.

"కట్టు. లోపల గీతలు పడొచ్చు, మళ్లీ విప్పాల్సి రావచ్చు. తెలిసే కట్టు" అన్నాను.

"విప్పుదాం లెండి" అని తాడు అందుకున్నాడు.

ఒక్కో బోటు లాగాక ఇంజన్‌ను ఆపకుండా ఖాళీగా తిరగనిచ్చి, వేడి ముల్లు దిగాకే మరొకటి కట్టించాను. పోలమ్మ ఎంత తొందరపెట్టినా ఒప్పుకోలేదు. అలలు చక్రాలను తాకే వేళకు చివరి బోటు సరుగుడు తోట చేరింది. ఒక్కటీ పోలేదు.

తుఫాను దాటాక ఇంజన్ విప్పాం. రెండు సిలిండర్లలో గీతలు పడ్డాయి. గోడలు సానబట్టి రింగులు మార్చాం. ఈసారి సుభానీ వెయ్యి కిలోమీటర్లూ ఓపిక పట్టాడు.

జాగ్రత్త చెప్పేటప్పుడు, అది తప్పితే ఏం పాడవుతుందో కూడా చెప్పాలి. అది తెలిసినవాడే ఎప్పుడు తప్పవచ్చో నిర్ణయించుకోగలడు. రిటైరయ్యేదాకా ప్రతి బండి యజమానికీ రెండూ చెప్పాను.