ఎడమకాలి పూత

వీధిలో ఆయన్ని అందరూ మెరుగాయన అంటారు. వెండి కొట్టు వెనక గదిలో, గిర్రున తిరిగే చక్రం ముందు కూర్చుని నగలకు మెరుగు పెట్టడం ఆయన పని. మనిషి మంచివాడే కానీ ఒక పిచ్చి ఉంది. ఎవరెదురైనా మొహం చూడడు, మెడలో గొలుసు చూస్తాడు. నల్లబడి ఉంటే మురిసిపోతాడు. "ఇదీ వెండంటే! ఒంటి మీదున్నాక ఆ ఒంటిని పట్టించుకోవద్దూ?" అంటాడు. నల్లబడకపోతే ఇక ఆ మనిషితో మాటల్లేవు.

ఆదివారం పొద్దున్న ఇంట్లోనూ అదే పని. భార్య కుర్చీలో కూర్చుని ఆయన ఒళ్ళో కాలు పెడుతుంది. ఆయన సుద్దపొడీ, పాత నూలుగుడ్డా తీసుకుని పట్టీ రుద్దుతుంటే, ఆవిడ వారమంతా పోగేసిన వీధి కబుర్లు విప్పుతుంది. కుడికాలికి సగం, ఎడమకాలికి మిగతా సగం. మిగతా రోజుల్లో ఆవిడకి కుట్టుమిషనుతో, ఆయనకి చక్రంతో సరిపోతుంది.

అలాంటి ఇంట్లో బావమరిది చిచ్చుపెట్టాడు. వెండికి రోడియం పూత వేసే దుకాణం తెరిచి, "అక్కా, పట్టీలిలా ఇయ్యి. ఇక నల్లబడితే నన్నడుగు!" అన్నాడు.

మెరుగాయన ఇంతెత్తున లేచాడు. "వెండికి ముసుగేస్తావురా? నా కంఠంలో ప్రాణముండగా కుదరదు!"

చివరికి ఆవిడే తగవు తీర్చింది. ఎడమ పట్టీకి పూత, కుడిది ఉన్నది ఉన్నట్టే. ఏది బాగుంటే రెండోదాన్నీ అలాగే చేయించుకుంటానంది.

చెప్పొద్దూ, వీధికి మంచి కాలక్షేపం దొరికింది. బట్టల దుకాణంలో ఆవిడ ఎడమకాలు ముందు పెడితే కుర్చీ వేసేవారు, కుడికాలు ముందు పెడితే "చవకరకం ఆ మూల" అనేవారు. తలుపు తెర కింద నుంచి ఒక నల్ల పట్టీని, ఒక తెల్ల పట్టీని చూసిన ఇంటి ఓనరు, "ఇద్దరే ఉంటామన్నారు, ఈ రెండో ఆవిడెవరు?" అని నిలదీశాడు.

మెరుగాయనకి ఒళ్ళు మండిపోయింది. ఉడికిన గుడ్డు సొన దగ్గర పెడితే వెండి నల్లబడుతుందని ఆయనకి తెలియనిదా? మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుండగా ఎడమ పట్టీ చుట్టూ సొన అద్ది, గుడ్డ కట్టి వచ్చాడు. కానీ నిద్రలో కాలు మీద కాలు వేసుకోవడం ఆవిడకి అలవాటు; గుడ్డ జారి, సొనంతా కుడి పట్టీకి అంటుకుంది. లేచేసరికి ఎడమది మిలమిలా మెరుస్తోంది, కుడిది బొగ్గయింది!

"ఓడిపోయావు బావా," అన్నాడు బావమరిది పడీపడీ నవ్వుతూ. "ఆదివారం వచ్చి ఆ రెండోదీ పట్టుకుపోతా."

ఆదివారం రానే వచ్చింది. బావమరిది డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మెరుగాయన కుడి పట్టీని నింపాదిగా, మరీ నింపాదిగా రుద్దుతున్నాడు. పూత వేయించాక ఈ కాలు తన ఒళ్ళోకి ఎందుకొస్తుంది? ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. ఎడమకాలికి పని తప్పినప్పటి నుంచీ కబుర్లన్నీ సగంలోనే ఆగిపోతున్నాయి. పై వాటావాళ్ళ కుక్కరు విజిలు ఎవరు ఎత్తుకుపోయారో ఈనాటికీ ఆయనకి తెలియదు. అడగడానికి రోషం అడ్డొచ్చింది.

కుడిది తెల్లబడింది. ఆవిడ కాలు తీసేసింది. తీసేసి, ఎడమకాలు పెట్టింది.

"ఇది మెరుస్తూనే ఉందిగా?" అన్నాడాయన.

"ఉంటే? ఆ విజిలు సంగతి మీకు తెలియక్కర్లేదా?"

"సుద్దతో రుద్దితే పూత పోతుందే!"

"అక్కా, వద్దక్కా!" బావమరిది లబోదిబోమన్నాడు.

"నువ్వుండరా," అని కసిరి, ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది.

మెరుగాయన గుడ్డ మడత మార్చాడు. "ఇంతకీ ఎవరు తీశారే?" అన్నాడు.

"గట్టిగా రుద్దండి, చెప్తా."